గ్వానహ్వాతోలో నిద్ర ఎవరికి కావాలి?

మెక్సికోలోని గ్వానహ్వాతో ఊరి ఫొటోలు చూస్తే ఎవరికైనా అక్కడే ఇల్లు తీసుకోవాలనిపిస్తుంది. కొండల మీద రంగురంగుల ఇళ్లు, వెండి గనుల డబ్బుతో లేచిన చర్చిలు, 1988 నుంచి యునెస్కో గుర్తింపు. ఆ రంగుల ఇంటికి రోడ్డు ఉండదని, మెట్లే గతి అని ఫొటో చెప్పదు కదా! కుళాయి నీళ్లు తాగరు, కాబట్టి 20 లీటర్ల క్యాన్ పైకి మోసుకు రావాలి. ఊరేమో దాదాపు 2000 మీటర్ల ఎత్తున ఉంది. సగం మెట్లకే ఆయాసం.

పోనీ, అది భరించొచ్చు. నా బాధ రాత్రుళ్ల గురించి. పాతకాలపు వెల్వెట్ దుస్తుల్లో ఎస్తుదియాంతినా అనే పాటగాళ్ల బృందం గిటార్లు వాయిస్తూ, వెనకాల టూరిస్టులను వేసుకుని సందుల్లో తిరుగుతుంది. సరిగ్గా మా కిటికీ కిందే ఆగుతుంది. రోజూ అవే పాటలు, అదే చోట అదే జోకు. స్పానిష్ అంతంత మాత్రంగా వచ్చిన నాకే జనం ఎప్పుడు నవ్వుతారో తెలిసిపోయింది! వాళ్లు వెళ్లాక మేడల మీది కుక్కలు అందుకుంటాయి. తెల్లారకముందే ఏదో సెయింట్ పండుగని తారాజువ్వలు. రంగులూ ఉండవు, ఒట్టి చప్పుడే. మన దీపావళికైనా ఓ తిథి ఉంది, ఇక్కడ పేటకో సెయింట్. ఆ వెంటనే గ్యాస్ వాడి కేక. ఇక అక్టోబరులో సెర్వాంతినో అనే కళల ఉత్సవం మొదలైతే చెప్పనే అక్కర్లేదు.

ఓనరమ్మతో మొరపెట్టుకుంటే చెవుల్లో దూది పెట్టుకోమంది. ఆవిడ పడుకునేది వెనక గదిలో. అది మాత్రం అద్దెకివ్వదట.