ఆ జబ్బుకు సూది, ఈ జబ్బుకు దోమతెర

ఆస్ట్రేలియాలో కుందేలును పెంచుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఒక మనవి. టీకా వేయించాలా, అక్కర్లేదా అని భోజనాల బల్ల దగ్గర వాదించుకోవడం ఇకనైనా మానండి. ఆ దేశంలో అది మీరు తేల్చే సంగతి కాదు. కుందేలు తేల్చేది అంతకంటే కాదు. ఏ జబ్బు నుంచి దాన్ని కాపాడుకోవచ్చో, ఏ జబ్బు నుంచి కాపాడితే దేశ ప్రయోజనాలకు భంగమో ప్రభుత్వం వారు ఏనాడో ఆలోచించి పెట్టారు. ఆ ఆలోచనలో ఉన్న లోతు మనవాళ్ళకు సరిగ్గా అందడం లేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలు.

ముందు కాస్త చరిత్ర. 1859 క్రిస్మస్ నాడు ఇంగ్లండు నుంచి ఓడలో 24 కుందేళ్ళు మెల్బోర్న్‌లో దిగాయి. తెప్పించుకున్నవారు థామస్ ఆస్టిన్ అనే దొరగారు, విన్చెల్సీ దగ్గర బార్వన్ పార్క్ ఆసామి. ఆయన కోరిక చాలా చిన్నది: తీరిక వేళ తుపాకీ పట్టుకుని తిరిగితే కాల్చడానికి ఏదో ఒకటి ఉండాలి. దొరగారి తీరిక అయిపోయింది గానీ కుందేళ్ళు అయిపోలేదు. అరవై డెబ్భై ఏళ్ళలో ఖండంలో చాలా భాగం మేసేశాయి. 1887లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం వీటిని వదిలించే ఉపాయం చెప్పినవారికి 25,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. పారిస్ నుంచి లూయీ పాశ్చర్ అంతటివాడు కోళ్ళ కలరా క్రిములిచ్చి భార్య సోదరి కొడుకును పంపాడు. బహుమతి రాలేదు. పశ్చిమ ఆస్ట్రేలియావారు 1901లో మొదలుపెట్టి 1,800 కిలోమీటర్లకు పైగా కంచె కట్టారు. కంచె పూర్తయ్యేలోపే కుందేళ్ళు అవతలికి చేరి, అటువైపు నుంచి పని ఎలా సాగుతోందో పర్యవేక్షించాయి.

చివరికి 1950లో కుందేళ్ళను చంపే మిక్సోమా వైరస్‌ను (పొట్టిగా మిక్సో) వదిలారు. మొదట అది పాకనే లేదు. ఇక లాభం లేదనుకుంటున్న సమయంలో ముర్రే నదీ తీరాన దోమలు దాన్ని మోసుకెళ్ళే ప్రభుత్వోద్యోగంలో చేరాయి. జీతం లేదు, సెలవుల్లేవు. అరవై కోట్లని అంచనా వేసిన కుందేళ్ళు రెండేళ్ళలో పది కోట్లకు దిగాయి. ఏ శాఖైనా అంత పని చేసి చూపించిందా?

అదే రోజుల్లో అదే ప్రాంతంలో మనుషులకు మెదడువాపు వచ్చింది. అది వేరే వైరస్. కానీ జనం కుందేళ్ళ జబ్బే మనకంటిందని హడలిపోయారు. అప్పుడు ఫ్రాంక్ ఫెన్నర్, మాక్‌ఫార్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు, మహానుభావులు, మిక్సోమా వైరస్‌ను తామే సూదితో ఎక్కించుకున్నారు. ఏమీ కాలేదు. ఇందులో నాకు నచ్చే విషయం ఒకటుంది. ఆ దేశంలో మిక్సో సూది వేయించుకునే భాగ్యం ముగ్గురు మనుషులకు దక్కింది. కుందేళ్ళకు ఇప్పటికీ దక్కలేదు.

ఎందుకు దక్కలేదంటే, మిక్సోకు వాడే టీకా బతికున్న వైరస్ టీకా. బలహీనపరిచినదే, కానీ ప్రాణమున్నదే. అది మీ కుందేలు నుంచి దోమకు, దోమ నుంచి పొలాల్లోని కుందేలుకు చేరితే? ఊరిమీద పడి మేసే చీడకు ఉచితంగా, ఏ వెట్ (పశువైద్యుడి) ఫీజూ లేకుండా రోగనిరోధక శక్తి వస్తుంది. జీతం లేని ఉద్యోగుల డెబ్భై ఏళ్ళ శ్రమ బూడిదలో పోసినట్టే. అందుకని అనుమతి లేదు. బ్రిటన్‌లో స్థిరపడిన మీ తోడికోడలు ఏడాదికి ఒక్క సూదితో మిక్సోకూ, కుందేళ్ళను చంపే మరో వైరస్ అయిన కాలిసివైరస్‌లో రెండు రకాలకూ కలిపి పని ముగించుకుని ఫోటో పెడితే మీరు కుళ్ళుకోకండి. వాళ్ళ దేశానికి అంత దూరదృష్టి లేదు.

మరి మనం ఏం చేయాలి? దోమతెర కట్టాలి. నవ్వకండి, వెట్‌లు అధికారికంగా ఇచ్చే సలహా అదే. మన అమ్మమ్మలు నులక మంచానికి కట్టినట్టే, కుందేలు గూటికి నాలుగు వైపులా సన్నని తెర. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లోపలికి తెచ్చుకోవాలి. దోమలతోపాటు ఈగలు, గోమార్లు (ఫ్లీలు) కూడా ఆ వైరస్‌ను మోస్తాయి కాబట్టి గోమార్ల మందు వేయించాలి. ఇక్కడ మాత్రం వేళాకోళం ఆపి చెబుతున్నాను: ఇంట్లో కుక్క కోసం కొన్న ఫిప్రోనిల్ మందు కుందేలుకు వేయకండి, ప్రాణం పోతుంది. వెట్‌ను అడిగి కుందేళ్ళకు సరిపడేదే తీసుకోండి. మిక్సో సోకితే కళ్ళు ఉబ్బి మూసుకుపోయి, మొహమంతా వాచి, రెండు వారాల్లోపే నరకం చూసి పోతుంది. చాలాసార్లు వెట్ చేయగలిగింది నొప్పి లేకుండా పంపించడమే.

నా దగ్గర ఇంతకంటే మంచి ప్రతిపాదన ఒకటుంది, కాన్‌బెర్రా వారు పరిశీలించాలి. బోనులో ఉంటే ముద్దుల పాప, బోను తలుపు తీస్తే దేశద్రోహి. రెండూ ఒకే జాతి కుందేళ్ళు. ఇంత సూక్ష్మమైన తేడా దోమకు తెలియాలంటే ఎలా? అందుకని పెంపుడు కుందేళ్ళకు గుర్తింపు కార్డులివ్వాలి. దోమలకు కుట్టేముందు కార్డు తనిఖీ చేయడంలో శిక్షణ ఇప్పించాలి.

కాలిసివైరస్ సంగతి ఇంకా ముచ్చటైనది. 1984లో చైనాలో బయటపడిన ఈ జబ్బును ఆస్ట్రేలియావారు వార్డాంగ్ దీవిలో కట్టుదిట్టంగా పరీక్షిస్తుండగా 1995లో అది సముద్రం దాటి బయటికొచ్చేసింది. ఈగల మీద నేరం మోపారు. మరుసటి ఏడాది అధికారికంగా కూడా వదిలారు, అప్పటికే తిరుగుతున్నదానికి పాస్‌పోర్టు ఇచ్చినట్టు. న్యూజిలాండ్ ప్రభుత్వం వద్దన్నా అక్కడి రైతులు 1997లో దొంగచాటుగా తెప్పించుకుని, జబ్బుపడి చచ్చిన కుందేళ్ళ కాలేయాలను వంటింటి మిక్సీలో రుబ్బి మేతమీద చల్లారు. ఆ మిక్సీల్లో తర్వాత ఏం రుబ్బుకున్నారో చరిత్ర చెప్పదు. 2015లో రెండో రకం పిలవకుండానే ఆస్ట్రేలియాలో దిగింది. ఇది పాలు మరవని పిల్లల్ని కూడా వదలదు. 2017 మార్చిలో కె5 అనే కొరియా రకాన్ని దేశమంతటా వందల చోట్ల మళ్ళీ సర్కారే వదిలింది. వదిలేముందు పెంపుడు కుందేళ్ళవాళ్ళకు మర్యాదగా కబురుపెట్టారు: "వైరస్ వస్తోంది, టీకాలు వేయించుకోండి." దొంగను పిలిచి, ఇంటివాళ్ళను తాళం వేసుకోమని చెప్పేంత పెద్దమనసు మరెక్కడ చూస్తాం!

ఈ జబ్బుకు మాత్రం టీకా చట్టబద్ధం, ఎందుకంటే ఇది చంపిన వైరస్‌తో చేసినది, మీ కుందేలును దాటి పొలానికి వెళ్ళదు. ఉపకారం ఒక్కరికే ఆగిపోతుంది కాబట్టి అభ్యంతరం లేదన్నమాట. అయితే మొదటి రకానికి ఎప్పటినుంచో ఉన్న సూది రెండో రకానికి పూర్తిగా సరిపోదు, దానికి తగినది చాలా ఆలస్యంగా వచ్చింది. కాబట్టి "వేసేశారా" అని కాదు, "ఏ రకానికి వేశారు, మళ్ళీ ఎప్పుడు" అని వెట్‌ను అడగాలి.

ఇక మనవాళ్ళ అభ్యంతరాలు. "మా కుందేలు గడప దాటదండీ" అంటారు ఒక అన్నయ్యగారు. దాటక్కర్లేదు. ఈగ దాటుతుంది, పెరట్లో కోసి తెచ్చిన గడ్డి దాటుతుంది, అన్నయ్యగారి చెప్పులు దాటుతాయి. ఆ వైరస్ బయట నెలల తరబడి బతుకుతుంది. రాత్రి క్యారెట్ తిన్న కుందేలు ఏ లక్షణమూ చూపకుండా తెల్లారేసరికి పోయి ఉండొచ్చు. పిల్లకు అప్పుడు ఏం చెబుతారు? "చందమామలోకి వెళ్ళిందమ్మా" అనే జవాబు ఒక్కసారికే పనిచేస్తుంది.

మరొకరు లెక్కలవారు. కుందేలు ధర ఇంత, వెట్ ఫీజు అంత, సూదికన్నా కొత్త కుందేలే చవక అని ఎక్సెల్ షీట్ చూపిస్తారు. తిరుగులేని లెక్క. ఇదే షీట్‌లో ఇంటిల్లిపాదినీ వేసి చూస్తే ఎవరెవరు మిగులుతారో అడగబుద్ధేసింది గానీ వాళ్ళావిడ పక్కనే ఉన్నారు. మూడోవారు పసుపు, వేపాకు పార్టీ. వారితో వాదించను. వేపాకు పొగ వేస్తే కనీసం దోమలు పోతాయనుకుంటే కుందేలు ఊపిరితిత్తులు మరీ సున్నితం, అదీ కుదరదు.

కాబట్టి దొరికే సూది వేయించండి, దొరకనిదానికి తెర కట్టండి. రెంటికీ అయ్యే ఖర్చు మీ వారాంతపు బిర్యానీ పార్టీల ముందు లెక్కలోకి రాదు.

ఈలోగా ఉద్యోగం బ్రిస్బేన్‌కు బదిలీ అయితే మాత్రం సమస్య తీరిపోయినట్టే. క్వీన్స్‌లాండ్‌లో కుందేలును పెంచుకోవడమే నేరం, వేల డాలర్ల జరిమానా. పరిశోధకులకు పర్మిట్ ఇస్తారు, ఇంద్రజాలికులకు ఇస్తారు. మన ఇళ్ళలో పీహెచ్‌డీలకు కొదవలేదు గానీ అన్నీ కంప్యూటర్లలోనే. కనుక ఇంద్రజాలమే నయం. టోపీ ఒకటి కొనుక్కుని, వచ్చే ఉగాది వేడుకల్లో స్టేజీ మీద ఓ అరగంట అడిగి పెట్టుకోండి. వృత్తి ఇదేనని ఆధారాలు చూపించమంటారట, ఫోటోలు తీయించుకోవడం మరవకండి.