నడిపేవాళ్లు తయారవకుండా కూడికలు పెంచితే

ఏడాదిలో సంఘం (చర్చి) రెట్టింపు కావాలంటే గృహ కూడికలను, అంటే ఇళ్లలో ప్రార్థనకు కూడే చిన్న గుంపులను, వెంటవెంటనే విడదీస్తూ పోవాలని ఒక వ్యాసంలో సలహా ఇచ్చారు. అది హైదరాబాద్‌లో బెడిసికొట్టేదే. పదిహేను మంది దాటగానే విడదీయడం సరే, రెండో ఇంట్లో నడిపేదెవరు? ముందు ఒకరిని కనీసం ఆరు నెలలు తర్ఫీదు చేయాలి: మొదట ప్రార్థన, తర్వాత వాక్యం (బైబిలు బోధ), ఆపైన కూడిక మొత్తం, చివరి నెల కాపరి (పాస్టరు) అసలు వెళ్లకుండా. ఇది దాటేస్తే కొత్త కూడిక మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ కాపరి మెడకే చుట్టుకుంటుంది.

పైకి ఎవరూ అనని సంగతి ఇంకోటి. మీ ఇష్టం వచ్చినట్టు విడిపొండి అంటే జనం సొంత జిల్లా, కులం చూసుకుని విడిపోతారు. అందుకే కాలనీల వారీగా విడదీయాలి. మాదాపూర్, కొండాపూర్ వైపు షిఫ్టుల వాళ్లకు వారం మధ్యలో రాత్రి ఏడింటికి కూడిక పెడితే ఎవరొస్తారు? శనివారం పొద్దున నయం.

పదిమందికి, ఏబదిమందికి, నూరుమందికి, వెయ్యిమందికి అధిపతులను పెట్టమని మోషేకు మామ యిత్రో చెప్పాడు (బైబిలు, నిర్గమకాండము 18). అయితే దైవభక్తి ఉండి లంచగొండులు కానివాళ్లను ఏరుకోమన్నాడు. కాలం పట్టేది ఆ ఏరడానికే. మెదక్ చర్చి కట్టడానికే 1914 నుంచి 1924 దాకా పట్టింది మరి.

ఆలస్యం పనికిరానిది ఒక్కటే, కానుకల లెక్క. ఆరాధన ముగిసిన వెంటనే, ఒకే కుటుంబం కాని ఇద్దరు లెక్కపెట్టి రిజిస్టరులో సంతకాలు చేయాలి.