ఏ స్పూను?

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా పసివాళ్లను అప్పుడే మరిచిపోయాం. 2025లో ఇరవై మందికి పైగా చిన్నారులను పొట్టన పెట్టుకున్న కోల్డ్రిఫ్ దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం తేలింది. ఉండదగింది 0.1 శాతం. ఆ వారమంతా తనిఖీలు, నిషేధాలే. ఇప్పుడు వీధి చివర మెడికల్ షాపుకెళ్లి ‘పిల్లాడికి దగ్గు’ అంటే చాలు, వయసైనా అడక్కుండా సీసా చేతిలో పెడుతున్నారు. డాక్టరు చీటీ ఊసే లేదు.

కల్తీ కంపెనీ పాపమే. మరి ఈ అమ్మకం ఎవరి పాపం? రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అక్కర్లేదని 2025 అక్టోబరులో కేంద్రమే చెప్పింది. ఆ కాగితం కౌంటరు దాకా వచ్చిందా? ఎవరు చూశారు?

మోతాదు సంగతి మరీ ఘోరం. పారాసెటమాల్‌ను పిల్లలకు బరువును బట్టి, విడతకు కిలోకు 10–15 మిల్లీగ్రాముల లెక్కన ఇవ్వాలి. పది కిలోల బిడ్డకు 150 మించకూడదు. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉంటే, డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటుంది. సిరప్ అనుకుని డ్రాప్స్ 5 మిల్లీలీటర్లు పట్టారో, పెద్దవాళ్లు వేసుకునే 500 మాత్ర మొత్తం ఆ బొజ్జలోకి పోయినట్టే. షాపులో చెప్పేది మాత్రం ‘ఒక స్పూను పట్టండమ్మా’ అనే. ఏ స్పూను? టీ స్పూనా, ఉప్మా తినేదా? సీసా మీద ఉన్నదంతా ఇంగ్లిషు, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. ఇంట్లో మందు పట్టే అమ్మమ్మ ఏం చదువుకోవాలి? ఎవరు చూశారు?

పెద్దలకూ ఇదే తంతు. ఒంటినొప్పులకు 650 బిళ్ల, జలుబుకు ఇంకోటి. రెండింట్లోనూ పారాసెటమాలే ఉండొచ్చని చెప్పే దిక్కుండదు. రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు, తాగుడు అలవాటున్నవారికి ఇంకా ముందే.

పల్లెల్లో డాక్టరు దొరకడని, తామూ ఇవ్వకపోతే జనం ఎక్కడికి పోతారని దుకాణదారులు అంటున్నారు. కొంత నిజమే. అయితే గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడదీసి, ఇంటర్ కుర్రాడితో మందులమ్మించమని ఏ పల్లె అడిగింది? మందులిచ్చేది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే కావాలన్న చట్టం 1948 నుంచీ ఉంది. ఔషధ నియంత్రణ శాఖకు ఈ కుర్రాడు కనపడాలంటే మళ్లీ ఎక్కడో పిల్లలు చావాలా? డ్రాప్స్‌కూ సిరప్‌కూ తేడా ఏమిటో తెలుగులో రెండు ముక్కలు రాయించి షాపు ముందు కట్టించడానికి ఏ బడ్జెట్ అడ్డొచ్చిందో ఆ శాఖ చెప్పాలి.