ర్యాంకుల ఫ్లెక్సీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ర్యాంకుల ఫ్లెక్సీ గారికి,

ఫలితాలు వచ్చిన పూటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి బెంజి సర్కిల్ దాకా స్తంభం స్తంభానికీ వెలిసిపోతారు మీరు. పిల్లలు ఇంకా వెబ్‌సైట్ తెరుచుకోక తిప్పలు పడుతుంటే, వాళ్ల ఫొటోలూ హాల్‌టికెట్ నంబర్లూ మీ మీద అచ్చయి ఉంటాయి. ఆ చురుకుదనానికి ముందుగా ఒక దండం.

దగ్గరికొచ్చి చూస్తే మీరు ఇంకా ముచ్చటేస్తారు. ముఖాలు ఎవరివి వాళ్లవే. మెడ కింద మాత్రం అందరికీ ఒకటే నల్లకోటు, ఒకటే ఎర్ర టై. కోటు జన్మలో తొడగని పిల్లకి కూడా భుజాలు సరిగ్గా అతికించారు, ఫొటోషాప్ కుర్రాడికి మొక్కాలి. పక్కన బానంత '1', దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'కేటగిరీ', అంటే ఆ ఒకటి అందరిలో కాదు, ఆ రిజర్వేషన్ వర్గంలో మాత్రమే. అది చదవాలంటే డివైడర్ ఎక్కాలి. పైన చేతులు కట్టుకుని ఛైర్మన్ గారు. ఫస్ట్ ర్యాంకరుకన్నా ఆయన బొమ్మే పెద్దది. తెలియనివాళ్లు పరీక్ష ఆయనే రాశారనుకోగలరు.

ఇక మీ లెక్కలు. టీవీలో మీ తమ్ముళ్లు, అదే కాలేజీల ప్రకటనలు, ఊపిరి పీల్చకుండా "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు..." అని అరుస్తుంటే, అంకెలు అప్పుడే నేర్చుకున్న మా పాప వాళ్లను దిద్దబోయింది. 2024 జేఈఈ మెయిన్‌లో 100 పర్సంటైల్, అంటే తమకన్నా పైన ఎవరూ లేనంత స్కోరు, వచ్చినవాళ్లు దేశం మొత్తం మీద 56 మంది, అందులో తెలంగాణ పిల్లలు 15 మంది. నిజంగా గొప్పే. ఆ పదిహేను మందినీ మీ చుట్టాలంతా తలా ఒకసారి అచ్చేసుకున్నాక మొత్తం ఎంత తేలిందో పైవాడికే ఎరుక. ఒకే పిల్లాడు ఈ స్తంభం మీద రెండేళ్ల హాస్టల్ విద్యార్థి, ఎదుటి స్తంభం మీద టెస్ట్ సిరీస్ విద్యార్థి.

దీనికే 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ కోచింగ్ ప్రకటనలకు నియమాలు పెట్టింది. ఎంపికయ్యాక విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఫొటో వేయాలి. ఏ కోర్సు చదివాడో, ఎన్నాళ్లు చదివాడో, డబ్బు కట్టాడో లేదో చెప్పాలి. గమనికను కూడా గొప్పలు రాసిన సైజులోనే అచ్చేయాలి. అంటే 'కేటగిరీ' కూడా బానంత ఉండాలన్నమాట. మీ కొలతలు చాలవేమోనని నా బెంగ.

మీకు తెలియని ర్యాంకులు కొన్ని ఉన్నాయి. ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు. మాకు తెలిసిన కాలేజీలో ల్యాబ్ తాళం పరీక్షకు నాలుగు రోజుల ముందు తీశారు. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్‌ని పిల్లలు కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు. మార్కులు మాత్రం అందరికీ ముప్పైకి ముప్పై. అంతటి అద్భుతాన్ని మీరు ఫ్లెక్సీకెక్కించకపోవడం అన్యాయం.

మరో సంగతి. కేంద్రం ఇన్‌స్పైర్ మానక్ కింద బడి పిల్లల ఆలోచనల్ని ఎంపిక చేసి, నమూనా చేసుకోమని 10,000 రూపాయలు ఇస్తుంది. పాత మోటారు, సైకిల్ చైను, అట్టముక్కలతో ఏదో ఒకటి తిరిగేలా చేసి జిల్లా ప్రదర్శనకు తెస్తారు పిల్లలు. అది పనిచేయకపోతే అక్కడే కూర్చుని వైరు మార్చుకుంటారు. దక్కేది ఒక సర్టిఫికెట్, జిల్లా పేపర్లో రెండు లైన్ల వార్త, అదీ ముఖ్య అతిథి పేరుకి చోటు పోగా మిగిలితే. ఆ పిల్లకి కోటు అతికించే నాథుడు లేడు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తర్వాత అమెరికాలో ఆయన బృందం చేసిన మందుల్లో క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ డాక్టర్లు రాస్తున్నారు. మీ లెక్కన ఆయన ఫెయిల్డ్ క్యాండిడేట్. 1995లో పోస్టల్ స్టాంపు మీదకి ఎక్కారు గానీ, మీ మీదకి ఎక్కే అర్హత లేదు.

మిమ్మల్ని పీకేయమని అడగను. వానలు పడగానే మీరు మిర్చిబజ్జీల బండికి కప్పుగా పనికొస్తారు, ఆ మేలు మరవలేం. వచ్చే ఏడాది మాత్రం ఛైర్మన్ గారిని ఒక్క మూరెడు జరగమని చెప్పండి. ఆ ఖాళీలో ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రాయించండి. కావాలంటే ఆ తాళంచెవి ఉన్నాయన ఫోన్ నంబరు కూడా వేయండి, పిల్లలు అడిగి తీసుకుంటారు.

ఇట్లు,
ఫస్టియర్ ఫీజు రెండో వాయిదా కట్టిన ఒక తండ్రి