తేలిక రైఫిల్ మోజులో బ్యారెల్‌ని మరిచిపోతున్నాం

వేట రైఫిల్ అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని కిలోలు?’ ఆ కిలోలు రైఫిల్‌లో ఎక్కడున్నాయో మాత్రం ఎవరూ అడగరు. నాకు చిరాకు వచ్చేది అక్కడే.

లావు బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) ఉన్న నా రైఫిల్ మోయలేకపోతున్నానని వాల్‌నట్ కర్ర స్టాక్ (భుజానికి ఆనించి, చేత్తో పట్టుకునే భాగం) తీసేసి కార్బన్ ఫైబర్ స్టాక్ వేయించాను. కాటా మీద 400 గ్రాములు తగ్గింది. సంతోషించాను. కొండెక్కి, ఆయాసంతో నిలబడే గురి పెట్టాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. వెనక బరువు పోయింది, ముందు బరువు అలాగే ఉంది. ఎడమ చెయ్యి గుంజేస్తోంది. స్కోప్‌లో గీతలు జంతువు భుజం మీద నిలవకుండా కాళ్ల మీదికి జారిపోతున్నాయి. కాల్చకుండానే దించేశాను.

బ్యారెల్ అంటే ఉక్కు. లెక్క వేసి చూడండి. 30 క్యాలిబర్ (లోపలి రంధ్రం సుమారు 7.62 మిల్లీమీటర్లు) బ్యారెల్ కొస 15 మిల్లీమీటర్ల లావుంటే ఒక అంగుళం కోస్తే తగ్గేది సుమారు 26 గ్రాములు. 22 మిల్లీమీటర్లుంటే 66 గ్రాములు. అంటే పొడవు కన్నా లావే ముఖ్యం. సన్న బ్యారెల్‌ని 24 అంగుళాల నుంచి 20కి కోయిస్తే తగ్గేది వంద గ్రాములే. దానికోసం తూటా వేగం తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. లావుది మానేసి సన్నది తీసుకుంటే ఒక్కోసారి కిలో దాకా తగ్గుతుంది.

సన్న బ్యారెల్ త్వరగా వేడెక్కి గురి చెదురుతుందంటారు. నిజమే. కానీ వేటలో వరసగా పది తూటాలు ఎవరు కాలుస్తారు? చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటానే ముఖ్యం. షూటింగ్ రేంజ్‌లో గురి సాధన కోసం రోజంతా కాల్చేవాళ్లకు లావు బ్యారెల్ కావాలి, కాదనను.

ఇక స్టాక్. ప్లాస్టిక్ అంటే తేలికేనని గుడ్డిగా నమ్మకండి. చవక ప్లాస్టిక్ స్టాక్ చాలాసార్లు వాల్‌నట్ అంత బరువే ఉంటుంది. పైగా ముందు భాగం గట్టిగా పట్టుకుంటే వంగి బ్యారెల్‌కి తగులుతుంది. లామినేటెడ్ కర్ర (పలుచని చెక్క పొరలు అతికించింది) ఇంకా బరువు, కాకపోతే తడికి వంకర పోదు. వాల్‌నట్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ తేమ పీల్చి ఉబ్బిందంటే తూటా తగిలే చోటు మారిపోతుంది. బరువు తగ్గాలి, గట్టిగానూ ఉండాలంటే మంచి ఫైబర్‌గ్లాస్ గానీ కార్బన్ గానీ తీసుకోవాలి, అదీ సన్న బ్యారెల్‌కి జతగా.

అలాగని మరీ తగ్గించకండి. అదే తూటాకి 4 కిలోల రైఫిల్‌ని 3 కిలోలకు దించితే భుజానికి తన్నే శక్తి మూడో వంతు పెరుగుతుంది. ఆ తన్నుకు భయపడి ట్రిగ్గర్ లాగేటప్పుడు కళ్లు మూసుకునేవాళ్లను చూశాను. గాయపడి పారిపోయే జంతువు ఆ భయానికి బలి. ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు నా రైఫిల్‌కి 22 అంగుళాల సన్న బ్యారెల్, ఫైబర్‌గ్లాస్ స్టాక్. స్కోప్‌తో కలిపి మూడున్నర కిలోలు. మ్యాగజైన్‌కి (తూటాలు పెట్టే పెట్టె) కాస్త ముందు రెండు వేళ్లు పెట్టి లేపితే అటూ ఇటూ వాలకుండా నిలుస్తుంది. నిలబడి గురి పెట్టినా గీతలు భుజం మీదే ఉంటున్నాయి.