గోదారి ఇసుకలో మా బావ

జీపు కొన్నప్పటి నుంచి మా బావకు హనుమకొండ రోడ్లంటే చిన్నచూపు. తారు రోడ్డు మీద ఎవడైనా నడుపుతాడట. అందుకే ఎండలు ముదరకముందే అందరినీ ఎక్కించుకుని ఏటూరునాగారం బయలుదేరాడు.

తాడ్వాయి దాటాక టేకు చెట్లు చూసి, ఇక్కడే టెంటు వేద్దామన్నాడు. ఇది అభయారణ్యం, ఫారెస్టోళ్లు ఊరుకోరని నేనన్నాను. ఎలుగుబంట్లు కూడా ఉంటాయని మేనల్లుడు అన్నాడు. బావ రెండో మాటకే లొంగాడు. బండి రామన్నగూడెం వైపు, గోదావరి ఒడ్డుకు తిరిగింది.

ఎండాకాలం గోదావరి ఓ పక్కకు ఒదిగిపోతుంది. మిగతాదంతా ఇసుకే. బావ దిగి టైర్లలో గాలి 32 పీఎస్‌ఐ నుంచి 18కి తగ్గించాడు. "గాలి తగ్గితే టైరు పరుచుకుంటది. బరువంతా ఒక్కచోట పడదు, ఇసుకల దిగదు" అన్నాడు. నిజమే. బావ చెప్పే శాస్త్రంలో ఎప్పుడూ తప్పుండదు, అందుకే నమ్మి మునుగుతుంటాం.

బండి బాగానే పోతోంది. ఇంతలో మేనల్లుడు వీడియో తీస్తానన్నాడు. బావ అద్దంలో జుట్టు సర్దుకోవడానికి మెత్తటి ఇసుకలో బండి ఆపాడు. మళ్లీ కదిలించబోతే వెనక చక్రాలు గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకున్నాయి. ముందు చక్రాలు చోద్యం చూశాయి. యాక్సిలేటర్ ఇంకా తొక్కాడు. బండి పొట్ట ఇసుకకు ఆనింది.

"ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పాలి కదా బావా, ముందువి తిరగవేంది?"

బావ గోదావరి వైపు చూశాడు. అక్క దిగి వెనక డోరు మీదున్న '4x4' అక్షరాలను గోటితో గీకింది. స్టిక్కరు చక్కగా ఊడివచ్చింది.

ఇసుక ట్రాక్టరు నడిపే అన్న ఒకాయన గొలుసు కట్టి లాగాడు. "బండి మంచిగనే ఉన్నది సారూ, ఇసుకలకు ఎందుకు తెచ్చిండ్రు?" అన్నాడు. గాలి కొట్టే పంపు ఇంట్లోనే ఉంది. బిర్యానీ గిన్నెకు చోటు చాలక బావే తీసి పక్కన పెట్టాడట. మెత్తబడ్డ టైర్లతో నెమ్మదిగా ట్రాక్టరు వెనకే ఆయన ఊరు చేరాం. ఆయన మిర్చి కల్లం పక్కన టెంటు వేసుకోమన్నాడు.

ఎర్రగా ఆరబోసిన మిరపకాయల మీదుగా గాలి వీచింది. తుమ్ములు మొదలయ్యాయి. ట్రాక్టరు అన్న తల్లి చీపురు పట్టుకునే వచ్చి, "ఇంట్ల మంచాలుండంగ కల్లంకాడ పండుడేంది బిడ్డా?" అంది. అక్కా, నేనూ, మేనల్లుడూ మాట్లాడకుండా ఆమె వెంట నడిచాం.

"మీరు పోండ్రి, క్యాంపింగ్ అంటే ఇదే..." అంటూ బావ ఇంకేదో చెప్పబోయి తుమ్మాడు.