పాత లెన్స్ పనిచేస్తోంది, కొత్తదానికి దిక్కెవరు?

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాకు సోవియట్ కాలపు హీలియోస్ 44-2 లెన్స్ బిగించి తీసిన ఫొటో కనబడితే చాలు, వెనక సుడులు తిరిగే బ్యాక్‌గ్రౌండ్ గురించే చర్చంతా. పాతకాలపు మోజు అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. నన్ను కట్టిపడేసేది మాత్రం ఇంకొకటి. తయారుచేసిన దేశమే 1991లో మాయమైపోయింది, వస్తువు ఇంకా పనిచేస్తోంది!

ఇందులో మాయేమీ లేదు. హీలియోస్ లాంటి ఎం42 (మర తిప్పి బిగించే పాత రకం) లెన్స్‌కు మౌంట్ నుంచి, అంటే లెన్స్ బిగించే చోటు నుంచి, సెన్సర్ దాకా 45.46 మిల్లీమీటర్ల దూరం కావాలి. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల ఈ-మౌంట్‌లో ఉన్నది 18. మిగతా 27.46 మిల్లీమీటర్లను ఒక బోలు లోహపు రింగు భర్తీ చేస్తుంది. అందులో గాజూ ఉండదు, చిప్పూ ఉండదు. 1987లో కెనాన్ ఈఎఫ్ మౌంట్ తెచ్చి తన పాత ఎఫ్‌డీ లెన్స్‌లనే అనాథలను చేసింది. వాటికి కావాల్సింది 42 మిల్లీమీటర్లు, కొత్త కెమెరాలో ఉన్నది 44. మధ్యలో అదనపు గాజు పెడితే తప్ప దూరపు దృశ్యం ఫోకస్ అయ్యేది కాదు. కెమెరాలోంచి అద్దం తీసేసి ఆ దూరం తగ్గించాకే అవి మళ్లీ వాడుకలోకి వచ్చాయి.

తలంబ్రాల వేళ చేత్తో ఫోకస్ తిప్పుతూ ఉంటే ఆ క్షణం దాటిపోతుంది, నిజమే. ఎండకు ఎదురుగా పెడితే బొమ్మ వెలిసిపోతుంది కూడా. పెళ్లిళ్లకు ఆటోఫోకస్సే వాడండి. కుదురుగా కూర్చున్న మనిషి ముఖం తీయడానికి మాత్రం ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచులను తెరపై రంగుతో చూపేది), మ్యాగ్నిఫికేషన్ (బొమ్మను పెద్దది చేసి చూపేది) ఉంటే చాలు.

హీలియోస్‌ను విప్పి చూడండి. రింగు గాడుల్లో స్పానర్ ఆనించి తిప్పితే విడిపోతుంది. మరల్లో ఎండి బిగుసుకున్న గ్రీజు తుడిచి కొత్తది రాస్తే ఫోకస్ రింగు మళ్లీ మెత్తగా తిరుగుతుంది. మర ఎక్కడ విడిపోయిందో గుర్తు పెట్టుకోవాలి, లేదంటే బిగించాక దూరం అంకెలు తప్పుతాయి. లోపలికొచ్చే వెలుతురును అదుపుచేసే ఎనిమిది బ్లేడ్లకు అంటిన నూనె కడిగేయొచ్చు. విశాఖ లాంటి తేమ ఊళ్లలో పట్టే ఫంగస్ కూడా ముదరకముందే తుడిస్తే పోతుంది. ఓపికున్న మెకానిక్ ఎవరైనా చేయగల పనులివి.

ఇప్పటి మిర్రర్‌లెస్ లెన్స్‌లు చాలావాటిలో ఫోకస్ రింగుకూ గాజుకూ నేరుగా సంబంధమే లేదు. కెమెరా ఆఫ్‌లో ఉంటే రింగు ఎంత తిప్పినా గాజు కదలదు. లోపలి సర్క్యూట్ బోర్డు పోతే కంపెనీ దయ. కంపెనీ విడిభాగాలు ఆపేసిన రోజున, గీత కూడా పడని గాజు చెత్తబుట్టకు పోవాల్సిందే.

ఇది కెమెరాలకే పరిమితమైన గొడవ కాదు. ఫోన్, ట్రాక్టర్, వాషింగ్ మెషిన్ అన్నిటిదీ ఇదే కథ. మరమ్మతు హక్కుపై కేంద్రం 2022లో కమిటీ వేసింది, పోర్టల్ కూడా తెచ్చింది. పోర్టల్ సరిపోదు, చట్టం కావాలి. అమ్మకాలు ఆపాక కూడా పదేళ్లు విడిభాగాలు దొరకాలి. సర్వీస్ మాన్యువల్ వీధి చివరి మెకానిక్‌కూ అందాలి. ఎన్నేళ్లు రిపేరు చేస్తారో పెట్టె మీద ధర పక్కనే అచ్చు వేయాలి.